వరద దిగిన లంకలకు ఉపగ్రహ పటము

గోదావరి వరద తీసిన తరువాత లంకలో అడుగుపెట్టిన రైతుకు ముందుగా తెలియవలసినది, ఏటి నీరు తన పొలములో ఏమి విడిచిపోయినది అన్న సంగతి. ఒండ్రు విడిచినదా, ఇసుక మేట వేసినదా? మేట వేసినచో ఎంత మందము? దాని అడుగున తన పాత మన్ను ఉన్నదా, కోసుకొని పోయినదా? గట్టుకు ఇవతలి చేనిలో అరటికి బలమిచ్చు మెత్తని ఒండ్రు, అవతలి చేనిలో మోకాటి లోతు ఇసుక ఉండుట లంకలలో వింత కాదు. ధవళేశ్వరము దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న లంకలకు ప్రతి పెద్ద వరదతోను ఈ మార్పు తప్పుట లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినది. అంతకంటె చిన్న వరదలు వచ్చిన ఏడులలో సైతము ఏదో ఒక లంక అంచు కోతకు గురియగుటయు, మరియొకచోట కొత్త మేట లేచుటయు మీరు చూచుచునే యున్నారు.

నేడు ఈ మార్పులను ఆకాశము నుండి చూచి పటము వ్రాయు సాధనములు మనకు కలవు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రము వరదల సమయమున ఉపగ్రహ చిత్రముల ఆధారముతో ముంపు పటములు తయారుచేయుచున్నది. ఆ కేంద్రము వారి భువన్ అను వెబ్‌సైటును ఫోను చేతిలోనున్న రైతు ఎవరైనను తెరచి చూడవచ్చును. ఇది మంచిదే. కాని అందిన పటమును చదువుట తెలియనిచో చిక్కులు వచ్చును. "పటములో నీలము పడలేదు గనుక నీ చేను మునుగలేదు" అన్న మాటను నేను గ్రామములలో విన్నాను. "నీలము పడినది గనుక మునిగినట్లే" అన్న మాటయు విన్నాను. రెండును తొందరపాటు మాటలే. ఆ రంగు వెనుక యంత్రము ఏమి చూచినదో, ఏమి చూడలేదో తెలిసిన రైతే ఆ పటముతో పని చేయించుకొనగలడు.

ఉపగ్రహము చూచు తీరు

ఉపగ్రహముల చూపు రెండు విధములుగా నుండును. మొదటిది ఎండ వెలుతురుతో చూచుట. నేలమీద పడి తిరిగి పైకి పోవు వెలుతురును ఉపగ్రహములోని కెమెరా పట్టుకొనును. మన కంటికి కనబడని పరారుణ కాంతిని కూడ అది గ్రహించును. ఈ కాంతిని నీరు మ్రింగివేయును, పచ్చని ఆకు బాగుగా వెనుకకు కొట్టును. కనుక నీరు నల్లగాను, పైరు ప్రకాశముగాను చిత్రములో తేలును. పొడి ఇసుక తెల్లగా మెరయును. తడిసిన బంకమన్ను నల్లబడును. యూరపు దేశముల సెంటినెల్-2 చిత్రములలో ఒక్కొక్క గడి 10 మీటర్ల చదరము, అనగా సుమారు రెండున్నర సెంట్లు. ఒక ఎకరములో నలువది గడులు వచ్చును. మన దేశపు రిసోర్స్‌శాట్ తరగతి ఉపగ్రహములలోని లిస్-3 కెమెరాకు ఒక గడి పదమూడు, పదునాలుగు సెంట్లు. ఎకరములో ఏడు గడులు. అదే ఉపగ్రహములోని ఆవిఫ్స్ అను కెమెరాకు ఒక్క గడియే ముప్పాతిక ఎకరము. జిల్లా మొత్తమును ఒక్క చూపున చూచుటకు అది పనికివచ్చును గాని, అర ఎకరము కమతము సంగతి దానిని అడుగరాదు. మీకు ఎవరైన పటము చూపినప్పుడు దీనిలో ఒక గడి ఎన్ని సెంట్లని ముందుగా అడుగుడు.

ఎండ వెలుతురుతో చూచు కెమెరాకు మబ్బు అడ్డు. గోదావరికి వరద వచ్చునది ముసురు దినములలోనే గదా! అందుచేత రెండవ విధమైన చూపు, రాడారు, వరదకు ముఖ్యమైనది. రాడారు ఉపగ్రహము తానే తరంగములను క్రిందికి పంపి, తిరిగివచ్చిన వానిని కొలుచును. మబ్బు, చీకటి దానికి అడ్డు కావు. నున్నని చెరువు నీటిమీదికి పెంకును ఏటవాలుగా విసరినచో అది కప్పగంతులు వేయుచు ముందుకు పోవునే గాని విసరినవాని చేతికి తిరిగిరాదు. రాడారు తరంగము కూడ నిలిచిన నీటిపై పడి అట్లే పక్కకు జారిపోవును. తిరిగి వచ్చునది లేదు గనుక నీరున్నచోటు చిత్రములో నల్లగా ఉండును. దున్నిన చేను, పొదలు, ఇండ్లు తరంగమును చెదరగొట్టుటచే తెల్లగానో బూడిదరంగుగానో కనిపించును. ఇట్టి రాడారు యూరపువారి సెంటినెల్-1 లోను, మనవారు 2022 ఫిబ్రవరి 14న ప్రయోగించిన రీశాట్-1ఎ లోను కలదు. మన ఇస్రోయు అమెరికావారి నాసాయు కలసి నిర్మించిన నైసార్ 2025 జూలై 30న శ్రీహరికోట నుండి ఎగిరినది. అది ఒకే చోటును 12 దినములకు ఒక పర్యాయము ఒకే కోణమున చూచునట్లు ఏర్పాటు చేసినారు.

నలుపంతయు వరద కాదు

కోనసీమలో ఈ సంగతి మరింత జాగ్రత్తగా తెలిసికొనవలెను. రొయ్యల చెరువు, చేపల చెరువు ఏడాది పొడుగున నీటితోనే ఉండును గనుక రాడారు చిత్రములో నల్లగానే పడును. జూలైలో దమ్ము చేసి సార్వా నాట్లు వేసిన మళ్ళు కూడ నల్లగా ఉండును. ఇక మూడవది విని మీరు ఆశ్చర్యపడవచ్చును. ఎండి, చదునుగానున్న ఇసుక మేట కూడ తరంగమును తిరిగి పంపదు. నీటివలెనే నలుపుగా కనిపించును! కనుక వరదనాటి చిత్రము ఒక్కటి చూచి ముంపు లెక్క కట్టరాదు. వరదకు ముందు తీసిన చిత్రమును పక్కన పెట్టి, అప్పుడు తెల్లగానుండి ఇప్పుడు నల్లబడిన చోట్లను మాత్రమే కొత్త ముంపుగా తీసికొనవలెను. మంచి పటములన్నియు ఇట్లే తయారగుచున్నవి. కాని ముందు చిత్రము ఏ తేదీది అన్నది కూడ చూడవలెను. మే నెల చిత్రముతో జూలై చిత్రమును పోల్చినచో, ఆ నడుమ దమ్ము చేసిన వరిమళ్ళన్నియు ముంపు క్రింద చేరిపోవును.

దీనికి ఎదురు పొరపాటు రైతుకు ఇంకను ఎక్కువ నష్టము. అరటి తోటలో నడుము లోతు నీరు నిలిచినదనుకొనుడు. సెంటినెల్-1, రీశాట్-1ఎ రాడారుల తరంగము పొడవు సుమారు ఐదున్నర సెంటీమీటర్లు. ఇంత చిన్న తరంగము దట్టమైన అరటి ఆకుల పైననే చెదరిపోవును, అడుగున నీరున్న సంగతి దానికి తెలియదు. ఆకులు పలుచగానుండి సందులలో దిగినచో, నీటిపై పడి, అక్కడ నుండి చెట్టు మొదలుకు కొట్టుకొని, మరల పైకి పోవును. అప్పుడా తోట నల్లగా కనబడుటకు మారుగా మునుపటికంటె తెల్లగా కనబడును. రెండు విధములను మునిగిన తోట పటములో పొడిగా మిగిలిపోవచ్చును. చెరకు తోటలకును ఇదే చిక్కు. నైసార్ నందలి రెండు రాడారులలో ఒకదాని తరంగము సుమారు 24 సెంటీమీటర్లు. అది ఆకులను దాటి చాలవరకు లోపలికి దిగగలదు గనుక తోటల ముంపును కనిపెట్టుటలో అది మేలు. అయినను 12 దినముల కొకమారు వచ్చునది వరద నిండుగా నున్న నాడే రావలెనని లేదు.

రాడారు ఉపగ్రహములలో చాలవరకు ఉదయము ఆరు గంటల ప్రాంతమునను, సాయంత్రము ఆరు గంటల ప్రాంతమునను దాటునట్లు నడుచును. ఆ క్షణమున నీరు ఎంతవరకు ఉన్నదో అంతవరకే పటములో పడును. మరునాడు రాత్రి మరి మూడడుగులు పెరిగి, నాలుగవనాటికి తీసిపోయినచో ఆ పటములో దాని జాడ ఉండదు. అరటికి, కందకు, పసుపుకు నష్టము ఎంతయన్నది నీరు ఎన్ని దినములు నిలిచినదన్న దానిపై ఆధారపడియున్నది. ఒక్క పూట నీరు తాకి పోయిన తోట కోలుకొనవచ్చును, వారము దినములు మొదలు మునిగిన తోట కుళ్ళిపోవును. పటములో రెండును ఒకే నీలముగా ఉండవచ్చును.

అందువలన వరద తీసిన వెంటనే, వాన కడిగివేయకముందే, తోటలో అక్కడక్కడ నాలుగైదు చెట్ల మొదళ్ళపై బురద గీత ఎంత ఎత్తున ఉన్నదో టేపుతో కొలిచి వ్రాసికొనుడు. టేపు కనబడునట్లు ఫోటో తీయుడు. ఫోనులో స్థానము గుర్తించు సదుపాయమును తెరచి తీసినచో ఆ ఫోటోతోబాటు అక్షాంశ రేఖాంశములు కూడ నమోదగును. నీరు ఎక్కిన దినము, దిగిన దినము వ్రాయుడు. లంకలలో కౌలుకు చేయువారు చాలమంది కలరు. భూమి కాగితములో తమ పేరు లేని ఇట్టివారికి, చేనిలో నిలబడి తీసిన ఫోటోయు తేదీతో వ్రాసిన కొలతయు మంచి సాక్ష్యములు.

మేట వెడల్పు పటములో, మందము నేలలో

ఇప్పుడు మట్టి సంగతికి వత్తము. రాష్ట్రముల నేలల పటములను నాగపూరునందలి జాతీయ మృత్తికా సర్వే సంస్థవారు 1:2,50,000 కొలతలో తయారుచేసినారు. అందులో ఒక సెంటీమీటరు రెండున్నర కిలోమీటర్లకు సమానము. చిన్న లంక ఒకటి ఆ పటముపై గోటి కింద దాగును. పైగా లంక మన్ను మెట్ట మన్నువలె స్థిరమైనది కాదు. పది సంవత్సరముల క్రిందటి పటము ఒక్క వరదతో పాతబడవచ్చును. కాబట్టి లంక రైతుకు వరద వరదకును కొత్తగా తీసిన దగ్గరి చిత్రమే ఉపయోగము.

వరద తీసి, మబ్బులు విడిపోయి, పైరు ఇంకను నేలను కప్పని దినములలో, సామాన్యముగా అక్టోబరు, నవంబరు నెలలలో, ఎండ వెలుతురు చిత్రములో మేటలు చక్కగా విడివిడిగా తెలియును. తెల్లని మచ్చలు ఇసుక. గోధుమరంగున నున్నవి ఒండ్రు. నల్లగానుండి పది పదిహేను దినములైనను ఆరనివి బంకమన్ను పల్లములు. రెండు వారముల ఎడముతో రెండు చిత్రములు చూచినచో ఏది త్వరగా ఆరుచున్నది, ఏది తడి పట్టియుంచుచున్నది అన్నది కూడ బయటపడును.

అయితే వెలుతురు నేల చర్మమును మాత్రమే చూచును. రాడారు కూడ తడి నేలలో కొద్ది సెంటీమీటర్లకు మించి దిగదు. అర అంగుళము ఇసుక పరచుకొన్న చేనును, రెండడుగుల మేట వేసిన చేనును ఉపగ్రహము ఒకే తెలుపుగా చూపును. ఈ తేడాపై డబ్బు ఆధారపడియున్నది. ప్రకృతి వైపరీత్యముల సహాయమునకు 2022 నుండి 2026 వరకు వర్తించునట్లు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన నిబంధనలలో, సాగుభూమిలో మేట తొలగించుటకు సహాయము పొందవలెనన్న ఇసుక లేక ఒండ్రు మందము 3 అంగుళములకు మించి యుండవలెను. దానిని రాష్ట్ర ప్రభుత్వము నియమించిన అధికారి ధ్రువపరుపవలెను. మూడంగుళములా, రెండంగుళములా అన్న ప్రశ్నకు ఏ ఉపగ్రహమును జవాబు చెప్పలేదు. పారతో తీసిన చిన్న గొయ్యియు, అందులో నిలిపిన స్కేలును చెప్పవలెను.

గొయ్యి ఎక్కడ తీయవలెనన్నది మాత్రము పటము చెప్పును. దాని నిజమైన ఉపయోగము ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయము. నాలుగెకరముల చేనిలో ఇంతకుముందు మనము కంటికి తోచిన చోట నాలుగు గోతులు తీసి, మట్టి అంతయు కలిపి ఒక్క సంచిలో పోసి పరీక్షకు పంపుచుంటిమి. ఇసుకయు బంకయు కలిసిన ఆ సంచికి వచ్చు ఫలితము ఇసుక చెక్కకును పనికిరాదు, బంక చెక్కకును పనికిరాదు. ఇప్పుడు చిత్రములో మూడు ఛాయలు కనబడినచో మూడు చెక్కలుగా విభజించి, ఒక్కొక్క చెక్కలో అయిదారు చోట్ల మట్టి తీసి, మూడు వేరు సంచులు కట్టవలెను. భూసార పరీక్షకు పై ఆరంగుళముల మన్ను చాలును. కాని వరద దిగిన లంకలో ఒక్కొక్క చెక్కయందు ఒకచోటనైనను మట్టి బరమాతో నాలుగడుగుల లోతు వరకు దిగి చూడక విడువరాదు. తీసిన మన్నును తడిపి బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ నొక్కుడు. ముద్ద కానిది ఇసుక. పిండివలె మెత్తగానుండి రిబ్బనుగా సాగనిది ఒండ్రు. పొడవుగా సాగునది బంక. ఎన్ని అంగుళముల వద్ద మన్ను మారినదో వ్రాసికొనుడు.

ఇంత లోతు చూడుమనుటకు కారణము కలదు. పైన అడుగు మందమున మంచి ఒండ్రు, దాని క్రింద పాత వరదనాటి ఇసుక పొర ఉన్న చేలు లంకలలో చాల కలవు. నవంబరు చిత్రములో అది ఒక్క మచ్చ లేని మంచి చేను. రైతు నమ్మి అరటి నాటును. ఫిబ్రవరి దాటి ఎండలు ముదిరినంతనే ఒక చెక్కలో ఆకులు ముందుగా వాడును. వేరు ఇసుకను తాకినదన్నమాట. ఆ వాడుదలను ఉపగ్రహము పట్టుకొనును. పైరు పచ్చదనమును లెక్కగట్టి తయారుచేయు పటములలో, ప్రతి ఏట ఫిబ్రవరి, మార్చి నెలలలో ఒకే చోట పచ్చదనము తగ్గుచున్నచో, అక్కడ తెగులు కంటె ముందుగా అడుగు ఇసుకను అనుమానించవలెను. అట్టి చెక్కకు తడి ఎడము తగ్గించి, ఎరువును చిన్న దఫాలుగా వేయవలెను. లేదా అరటిని విడిచి, శీతకాలపు తడితోనే కోతకు వచ్చు మినుము, పెసర వేసికొనవలెను. పై మేట మూడు నాలుగంగుళముల లోపు ఇసుకయై అడుగున మంచి మన్ను ఉన్నచో లోతు దుక్కితో కలిపివేయవచ్చును. అంతకు మించినచో తొలగింపు ఖర్చును, వచ్చు పంటను లెక్కచూచుకొనవలెను.

పాత పాయలు, తియ్యనీరు, చౌడు

డెల్టాలో గోదావరి ఎప్పుడును ఒకే దారిన పారలేదు. పూడిపోయిన పాత పాయల జాడలు నేటికిని నేలలో ఉన్నవి. నడచి చూచువానికి అవి కనబడవు. ఆకాశము నుండి చూచినచో వంకరగా సాగిన ఒక పట్టీ, పక్క పొలముల కంటె ముందుగా ఆరుటయో, తోటలు దాని వెంబడి వరుసగా నుండుటయో గోచరించును. అట్టి పట్టీల క్రింద ముతక ఇసుక ఉండును గనుక అక్కడ ఫిల్టరు పాయింటుకు నీరు బాగుగా ఊరును. సముద్రమునకు దగ్గరనున్న గ్రామములలో తీరమునకు సమాంతరముగా సాగు ఇసుక దిబ్బలలో వాన నీరు ఇంకి, అడుగున నున్న ఉప్పునీటిపై తేలికగా నిలిచియుండును. దిబ్బను పటములో గుర్తించుట సులభము. తియ్యనీటి పొర ఎంత మందముగా నున్నదో ఆ పటము చెప్పదు. పెద్ద మోటారు పెట్టి ఒకేచోట గట్టిగా తోడినచో అడుగు ఉప్పునీరు పైకి వచ్చును. తక్కువ లోతున, తక్కువ శక్తితో, విరామమిచ్చుచు తోడుటయే క్షేమము. ఏటికొకసారి, ఎండాకాలమున, ఆ నీటి ఉప్పదనమును పరీక్ష చేయించుడు.

దిబ్బల నడుమ పల్లములలో ఏప్రిల్, మే నెలలలో తెల్లని పొర తేలుట చౌడు గుర్తు. చిత్రములో ఇసుకయు తెలుపే, ఉప్పును తెలుపే. వీనిని వేరుచేయు ఉపాయము ఒకటి కలదు. ఇసుక మచ్చ నవంబరులోను, మేలోను అక్కడనే ఉండును. ఉప్పు మచ్చ ఎండలతో పెరిగి, మంచి వాన పడినంతనే మాయమగును. అనుమానము తోచిన చోట మట్టి తీసి పరీక్షకు పంపుడు. భూసార పరీక్ష కాగితములో లవణ పరిమాణము (ఇ.సి.) 1 కంటె తక్కువ యున్నచో మొలకకు భయము లేదు.

గ్రామ అధికారులకు

పటము వ్రాయు శాస్త్రజ్ఞులు తమ గదిలో కూర్చుండి రంగులను ఊహించరు. నేలపై కొన్ని చోట్ల ఏమున్నదో తెలిసికొని, ఆ చోట్ల రంగును యంత్రమునకు నేర్పి, తక్కిన చోట్లను దానిచేత పోల్పించుదురు. కొన్ని చోట్లను నేర్పకుండ దాచియుంచి, పటము సరిగా వచ్చినదో లేదో వానితో సరిచూతురు. ఈ నేల సాక్ష్యము మన లంకలనుండి పోనిచో, వేరొకచోటి మన్ను చూచి నేర్చిన యంత్రము మన మన్నును గూర్చి తీర్పు చెప్పును. మీ ఎదుట పటము పెట్టినవారిని, ఎన్ని చోట్ల నేలపై సరిచూచినారు, వానిలో మన లంకలు ఉన్నవా అని అడుగుటకు సంకోచింపవద్దు.

గ్రామ వ్యవసాయ సహాయకులు, రెవెన్యూ అధికారులు ఇందుకు ఒక నోటు పుస్తకము వేరుగా ఉంచవలెను. సర్వే నంబరు, ఫోనులో కనబడిన అక్షాంశ రేఖాంశములు, తేదీ, గంట, పైపొర ఏది, ఎన్ని అంగుళములు, అడుగు పొర ఏది, బురద గీత ఎత్తు, పైరు ఏది, ఎన్ని దినములు మునిగినది అను వివరములు చాలును. చేను గట్టుపై నిలబడి స్థానము నమోదు చేయరాదు. ఫోను చూపు స్థానములో కొన్ని మీటర్ల తేడా ఉండును గనుక అది పక్క చేనిలో పడవచ్చును. చేని నడుమకు పోయి, ఒకే విధమైన మన్ను కనీసము పాతిక సెంట్లున్నచోట నమోదు చేసినచో గడి సరిగా కుదురును. లంకను ఎరిగిన వృద్ధ రైతు నొకరిని వెంట తీసికొనుడు. 1986 నాటి మేట ఎక్కడ వేసినదో ఆయనకు జ్ఞాపకముండును, అక్కడనే బరమా దింపి చూడుడు.

అక్టోబరు, నవంబరులలో మేటలకును, ఫిబ్రవరి, మార్చిలలో అడుగు ఇసుకకును, మే నెలలో చౌడుకును ఈ విధముగా మూడు పర్యాయములు పొలము తిరిగినచో ఒక లంకకు ఆ ఏటి లెక్క పూర్తియగును. ఇవి గాక, వరద రాకముందు జూన్ నెలాఖరున ఏ చేలు దమ్ము చేసినారో, ఏవి చెరువులో ఒక కాగితముపై గీసి, తేదీ వేసి రైతు సేవా కేంద్రములో ఉంచుడు. జూలైలో ముంపు పటము చేతికి వచ్చిననాడు దాని పక్కన పెట్టి చూచుటకు ఆ కాగితము కావలసి వచ్చును.